యాకోబు బండి మీది బాణం

ఆళ్లగడ్డలో యాకోబు అని అడిగితే నలుగురైదుగురు తేలతారు. ఎదసూది యాకోబు అంటే మాత్రం ఒక్కడే. వయసు నలభై ఆరు. పదిహేడేళ్లుగా గోపాలమిత్ర పని చేస్తున్నాడు. పశువుల ఆసుపత్రి లేని ఊళ్లకు బండి మీద వెళ్లి, ఎదకొచ్చిన ఆవులకూ, ఇక్కడివాళ్లు ఎనుములనే గేదెలకూ చూలు కట్టే సూది వేస్తాడు. గొర్రెలకు టీకాలు వేస్తాడు, దూడలకు నులిపురుగుల మందు తాపుతాడు. బండి వెనక సీటు తీసేసి ఇనుప చట్రం బిగించుకున్నాడు. అందులో సూదికి వాడే వీర్యం చెడకుండా నత్రజని ద్రవం నింపిన క్యాను ఉంటుంది. మూత తీస్తే తెల్లగా పొగ లేస్తుంది. ఊళ్లలో చిన్నపిల్లలకు ఆ పొగ చూడటం ఒక సరదా.

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం వేళ. ఆవు ఎదలో ఉండేది ఒక్క రోజు. పొద్దున గుర్తిస్తే సాయంత్రానికి సూది పడాలి. ఆ వేళ దాటితే మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి, అన్నాళ్లూ రైతు దాన్ని ఊరికే మేపాలి. అట్లాంటి పనికి చోటు వెతుక్కోవడమే సగం రోజు తినేసేది. పశువులు ఊళ్లో ఉండవు. చేలల్లో, కాలువ అవతల కొట్టాల్లో, నల్లమల కొండ కిందికంటా ఉంటాయి. రైతు ఫోన్ చేసి, "పడిపోయిన యాపచెట్టు కాడ ఎడమకు తిరుగప్పా" అంటాడు. ఆ పడిపోయిన చెట్టును రెండేళ్ల కిందటే కట్టెలకు కొట్టుకుపోయి ఉంటారు.

మొదట్లో యాకోబు కూడా అందరిలాగే సెల్‌ఫోన్ నమ్ముకున్నాడు. హ్యాండిల్‌కు బిగించి మ్యాపు చూసుకుంటూ పోయేవాడు. మే నెల ఎండలో ఫోన్ కాగిపోయి దానంతట అదే ఆగిపోయేది. వానలో తడివేలికి పలికేది కాదు. కొండ కిందికి పోతే సిగ్నల్ పోయి మ్యాపంతా తెల్ల కాగితంలా అయ్యేది. బండి అదురుకు ఒక ఫోన్ కెమెరా పాడైంది. ఇంకొకటి రుద్రవరం దారిలో జారి పడితే, వెనకొచ్చిన ట్రాక్టరు దాని మీదుగా పోయింది.

ఆ ఏడే, అంటే 2016లో, ఒకరోజు నంద్యాలలో రామయ్య అనే పెద్దమనిషి ఇంటికి వెళ్లాడు. ఆయన కాలువల సర్వేలో పనిచేసి రిటైరయ్యాడు, ఇంటి వెనక ఒక ఆవును పెట్టుకున్నాడు. ఆవుకు సూది వేసి చేతులు కడుక్కుంటుంటే కిటికీలో ఒక పెట్టె కనపడింది. అరచేతిలో పట్టేంత ఉంది, బూడిదరంగు, చిన్న తెర, పక్కన నాలుగు బొత్తాలు.

"ఇదేందన్నా?"

"జీపీఎస్ అప్పా. సర్వేలో తిరిగేటప్పుడు నేను సొంతానికి కొనుక్కున్న్యా. ఇప్పుడు దాంతో నాకేం పని?"

"దారి చూపిస్తాదా?"

రామయ్య నవ్వాడు. "దీంట్లో రోడ్లు లేవు. ఊళ్ల పేర్లు లేవు. నువ్వొక చోట నిలబడి ఈ బొత్తాం ఒత్తితే ఆ చోటు మాత్రం మర్సిపోదు. మళ్లా ఆడికి పోవాలంటే బాణం చూపిస్తాది, ఎంత దూరమో చెప్తాది. అంతే."

"సిగ్నల్ ఉండాల్నా?"

"సెల్లు టవరుతో దీనికి పనిలేదు. నెత్తిన ఆకాశం కనపడితే సాలు."

ఎనిమిది వందలకు బేరం కుదిరింది. రెండు పెన్సిల్ సెల్లు వేస్తే రెండు రోజులు నడిచేది. యాకోబు దాన్ని పాత సైకిల్ ట్యూబుతో హ్యాండిల్‌కు కట్టాడు. మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసొచ్చింది. అది చేత్తో పట్టుకుని నడిచే మనిషి కోసం చేసిన వస్తువు. గుంతలో బండి ఎగిరిపడగానే లోపల సెల్లు ఒక్క క్షణం కదిలి, పెట్టె ఆరిపోయేది. మళ్లీ వెలిగిస్తే ఆకాశంలో ఉపగ్రహాలను వెతుక్కోవడానికి నిమిషమో రెండు నిమిషాలో తీసుకునేది. యాకోబు ట్యూబు ముక్కను చిన్నగా కత్తిరించి సెల్లకూ మూతకూ మధ్య దూర్చాడు. కట్టు కింద ఒక స్పాంజి ముక్క పెట్టాడు. ఆ తర్వాత ఆరిపోవడం తగ్గింది. బండి ఆపితే బాణం తికమకపడి తిరుగుతుందనీ, పది గజాలు కదిలితే సర్దుకుంటుందనీ కూడా వాడుతూ నేర్చుకున్నాడు.

రెండో సంగతి తెలుగుగంగ కాలువ దగ్గర తెలిసింది. చిన్నరాజుపల్లెలో యశోదమ్మ అని గొర్రెలు, ఎనుములు మేపుకునే ఆవిడ ఉంది. భర్త లేడు. నూట ఇరవై గొర్రెల మందను కూతురు గాయత్రి సాయంతో తానే చూసుకునేది. ఆమె కొట్టం ఉండేది కాలువ అవతల, కొండ వైపు. యాకోబు అక్కడ అంతకుముందే గుర్తు పెట్టుకుని ఉన్నాడు. ఎనుము ఎదకొచ్చిందని ఫోన్ రాగానే, పక్క ఊళ్లో ఉన్నవాడు అటునుంచటే బాణం పట్టుకుని బయల్దేరాడు. మూడు కిలోమీటర్లు, రెండు, ఒకటి, రెండు వందల మీటర్లు. అక్కడ బాట కాలువ కట్ట మీదికెక్కి ఆగిపోయింది. కాలువ నిండా నీళ్లు. అవతలి గట్టు మీద యశోదమ్మ నిలబడి ఉంది.

"ఈడికి రా అప్పా అంటే ఆడ నిలబడితివేంది?" అని కేకేసింది.

"అక్కా, ఇది ఇట్లే చూపిస్తాండాది!"

"దానికి కాలవ కనపళ్యా? నీకూ కనపళ్యా?"

వంతెన నాలుగు కిలోమీటర్ల కింద ఉంది. చుట్టు తిరిగి అవతలికి చేరేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ సాయంత్రం యాకోబు ఒక నోటుపుస్తకం తెరిచాడు. పెట్టెలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే నొక్కుతూ రాయాలి, అది తెమిలే పని కాదు. కాబట్టి గుర్తులకు అంకెలే ఉంచి, ఆ అంకె ఎదురుగా పుస్తకంలో తెలుగులో పేరు, ఏ వంతెన మీద పోవాలి, ఏ బాట పట్టాలి అని రాసుకోవడం మొదలుపెట్టాడు. బాణం ఎక్కడుందో చెబుతుంది, ఎట్లా పోవాలో పుస్తకం చెబుతుంది.

జనం మొదట్లో అనుమానపడ్డారు. అడవి అంచున కొన్ని కొట్టాల దగ్గర, "భూమి కొలుస్తాండావా? ఫారెస్టోళ్లు పంపించిరా?" అని చుట్టుముట్టారు కూడా. యాకోబు పెట్టె తీసి వాళ్ల చేతికే ఇచ్చేవాడు. బాణం వాళ్ల ఇంటి వైపు తిరగడం చూసి కొందరు నవ్వేవాళ్లు. ఏడేళ్లలో రెండు వందల గుర్తులయ్యాయి. కొట్టాలు, గొర్రెల దొడ్లు, బండి దిగబడే చోట్లు, ఎండాకాలంలో నీళ్లుండే కుంటలు. కాలువ గట్లు నున్నగా జారుడుగా ఉంటాయని, గొర్రెలు పడిపోతాయని కాపరులు అటు తోలరు. అందుకని యాకోబు ఎక్కడ నీళ్లు చూసినా బొత్తాం ఒత్తి గుర్తు పెట్టేవాడు, ఎదురైన కాపరికి చెప్పేవాడు. అది అతని పనిలో భాగమేమీ కాదు, అలవాటుగా మారిందంతే.

అతని భార్య అనిత ఆళ్లగడ్డలోనే బట్టలు కుడుతుంది. "ఇంట్లో ఉప్పు డబ్బా యాడుందో తెలీదు గానీ, కొండకింద కుంటలన్నీ తెలుసు ఈయప్పకు" అని దెప్పేది. ఇంట్లో తెలీకపోవడం నిజమే.

2023లో వానలు వెనకబడ్డాయి. జూలై మూడో వారానికి కూడా కుంటలు నిండలేదు. కాలువకూ నీళ్లు వదల్లేదు. ఒకరోజు కాలువ అవతల కొత్త బాటలో వస్తుంటే యాకోబుకు ఒక గుంత కనపడింది. రోడ్డు పనికి ఎవరో మిషను పెట్టి గరుసుమట్టి తవ్వుకుపోయారు. అంతకుముందు రోజు పడిన ఒక్క వానకు అందులో మోకాలెత్తు ఎర్రటి నీళ్లు నిలిచాయి. బండి ఆపి గుర్తు పెట్టాడు. అంకె 212. పుస్తకంలో "కొత్త గరుసు గుంత, నీళ్లు" అని రాసుకున్నాడు.

ఆ వారంలోనే యశోదమ్మ కనపడితే చెప్పాడు. బోడిమెట్ట కాపరి మద్దిలేటికీ చెప్పాడు. ఇద్దరూ సంతోషించారు. ఆ నీళ్లకు దిగిన మూడో మంద వేపల కొట్టాల సుంకన్నది. అతనికి ఎవరూ చెప్పలేదు, తనంతట తానే చూసుకున్నాడు.

ఆగస్టు మొదటి వారంలో ఒక పొద్దున యాకోబు వేపల కొట్టాలకు వేరే పని మీద పోతూ సుంకన్న దొడ్డి దగ్గర ఆగాడు. మూడు గొర్రెలు చచ్చి పడి ఉన్నాయి. పొట్టలు ఉబ్బి ఉన్నాయి. ముక్కుల్లోంచి నల్లటి నెత్తురు కారి, గడ్డకట్టకుండా అట్లాగే మట్టిలోకి ఇంకుతోంది. సుంకన్న తమ్ముడు ఒక గొర్రెను పక్కకు లాగి కత్తి తీస్తున్నాడు.

"కత్తి కింద పెట్టు!" అని యాకోబు బండి మీద నుంచే అరిచాడు.

"ఏందప్పా? సచ్చినాంక తోలన్నా తీయొద్దా?"

"దాన్ని ముట్టుకోవద్దు. నెత్తురు సూడు, గట్టిపడకుండా ఎట్ల కారతాందో. నిన్న గూడా ఏమన్నా కోసినారా?"

అన్నదమ్ములు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "నిన్న ఒకటి కోస్తిమి" అన్నాడు సుంకన్న. "కూర తింటిమి. ఏం కాలేదు."

యాకోబుకు భయమేసింది. ఆ లక్షణాలు అతను శిక్షణలో విన్నవే తప్ప కళ్లతో చూడలేదు. వేపల కొట్టాలలో ఫోన్ పలకదు. వంతెన దాకా వచ్చి పశువైద్యురాలు శ్రీజకు ఫోన్ చేశాడు. ఆమెది నంద్యాల, ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. గంటన్నరలో వచ్చింది. రెండు జతల చేతి తొడుగులు ఒకదాని మీద ఒకటి వేసుకుని, చచ్చిన గొర్రె చెవి కొసన చిన్న గాటు పెట్టి, నెత్తుటి చుక్కను గాజు పలక మీదికి తీసుకుంది. శవాలను కోయనివ్వలేదు. ఆరడుగుల లోతు తీయించి, సున్నం పోయించి పూడ్పించింది.

"దొమ్మరోగమే అనిపిస్తోంది, ఆంత్రాక్స్. ల్యాబు నుంచి రానీ" అంది యాకోబుతో, పక్కకు పిలిచి.

సుంకన్నకు వినపడనే వినపడింది. "మేడం, పేపర్లో గీపర్లో ఏయించొద్దు. నా గొర్రెల్ని ఇంగెవడు కొంటాడు?" అన్నాడు.

"నీ గొర్రెల కన్నా ముందు నీ తమ్ముడి చేతులు చూడాలి సుంకన్నా. ఏమన్నా పుండు కనపడితే వెంటనే ఆస్పత్రికి రండి. తిన్నవాళ్లందరూ మాత్రలు వేసుకోవాలి."

మర్నాడు ల్యాబు నుంచి దొమ్మరోగమే అని వచ్చింది. ఆ మధ్యాహ్నమే బోడిమెట్ట నుంచి మద్దిలేటి ఫోన్ చేశాడు. ఆరు గొర్రెలు. మూడో రోజున చిన్నరాజుపల్లె నుంచి గాయత్రి ఫోన్ చేసింది. "మామా, మా గొర్రెలు పడిపోతాండాయి. మాయమ్మ ఏడుస్తాంది, నువ్వు రా."

నాలుగో రోజు శ్రీజ తన ఆఫీసులో మండలం మ్యాపు ముందు నిలబడి ఉంది. వేపల కొట్టాల నుంచి బోడిమెట్టకు రోడ్డు మీద పదిహేడు కిలోమీటర్లు. బోడిమెట్ట నుంచి చిన్నరాజుపల్లెకు పద్నాలుగు. మూడు ఊళ్లకూ మూడు వేరు వేరు వంతెనలు.

"సంతలో కొత్త గొర్రెలు కొన్నారా అంటే ముగ్గురూ లేదంటున్నారు. దాణా లేదు. ఒకరి మంద ఒకరి మందలో కలవలేదు. ఇంత దూరంలో ఒకే వారం ఎట్లా వస్తుంది యాకోబూ?"

యాకోబు బండి దగ్గరికి పోయాడు. పెట్టెను విప్పి తెచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు. టీకాలకు ఏ దొడ్డి నుంచి మొదలుపెట్టాలో చూద్దామని గుర్తులున్న తెరను తీశాడు. సుంకన్న దొడ్డి 47. మద్దిలేటిది 118. యశోదమ్మది 63. మూడూ ఒకే తెర మీద, ఒకదాని పక్కన ఒకటి చుక్కల్లా ఉన్నాయి. అతను ఆ తెరను కొద్దికొద్దిగా పెద్దది చేశాడు. 47 నుంచి 118కి ఒకటిన్నర కిలోమీటరు. 63కి రెండు కూడా లేదు. ఊళ్లు దూరం గానీ, కాలువ దాటి కొండ కిందికి వచ్చేసరికి దొడ్లన్నీ దగ్గరికొచ్చేశాయి. ఆ పెట్టెకు రోడ్లు తెలీవు. గొర్రెలు మాత్రం రోడ్డు పట్టుకుని పోతాయా?

మూడు చుక్కల నడుమ ఇంకో చుక్క ఉంది. 212.

యాకోబు పెట్టె బల్ల మీద పెట్టి బయటికి వెళ్లాడు. ఆఫీసు వెనక కొళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. నీళ్లు తాగాడు. కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ చుక్క సంగతి తానొక్కడికే తెలుసు. చెప్పకపోయినా డాక్టరమ్మ రేపో ఎల్లుండో ఆ గుంతను ఎట్లాగూ కనిపెడుతుంది. అప్పుడు తన పేరు రాకపోవచ్చు. ఈ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. లోపలికి వచ్చాడు.

"మేడం, మూడు మందలూ ఒకే చోట నీళ్లు తాగినాయి. ఇదిగో సూడండి. ఆ నీళ్లు ఇద్దరికి నేనే చూపిస్తి."

శ్రీజ తెర మీదికి వంగి నాలుగు చుక్కలనూ చూసింది. "జీపు పోతుందా అక్కడికి?" అని అడిగింది.

"పోదు. బండి పోతాది."

క్యాను దించేసి, చట్రం మీద గోనెసంచి మడతపెట్టి ఆమెను కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. వంతెన దాటాక బాట పోయి, ఎండిన వాగు ఇసుక వచ్చింది. రెండుసార్లు ఆమె దిగి నడవాల్సి వచ్చింది. గుంత దగ్గరికి చేరేసరికి పదకొండు దాటింది. నీళ్లు సగానికి సగం ఇంకిపోయి అంచుల్లో ఎర్రటి బురద మిగిలింది. మూడు వైపుల నుంచి గొర్రెల అడుగులు ఆ బురదలోకి దిగి ఉన్నాయి.

గుంతకు కొంచెం ఎడంగా ఒక ముసలామె రెండు దూడలను మేపుతోంది. బోడిమెట్టలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ. ఎనభై దాటి ఉంటుంది. తన దూడలను గుంత వైపు పోనివ్వకుండా కట్టెతో అదిలిస్తోంది. అది చూసి యాకోబు ఆమె దగ్గరికి వెళ్లాడు.

"అవ్వా, దూడల్ని ఆ నీళ్ల కాడికి ఎందుకు పోనీవు?"

"అది మంచి తావు గాదు నాయనా."

"ఎందుకు?"

"నేను కాపరానికొచ్చిన యేడు ఎద్దులు సచ్చినాయి. ముక్కుల్లో నెత్తురు కారి, నిలబడినవి నిలబడినట్లే పడినాయి. పది దినాలల్లో ఊరి సగం ఎద్దులు పాయ. తోలు గూడా తీయనీకుండా అన్నిట్నీ ఈడనే పూడ్సిరి. పైన ఇంతింత రాళ్లు పేర్సిరి. మొన్న ఆ మిషను వచ్చి రాళ్లు, మట్టి అంతా ఎత్తకపాయ."

శ్రీజ దగ్గరికి వచ్చింది. "ఈ సంగతి ఎవరికైనా చెప్పినావా అవ్వా?"

"ఎవురడిగిరి నన్ను?" అంది పెద్దమ్మ.

ఈ రోగం మట్టిలో చాలా ఏళ్లు చావకుండా పడి ఉంటుందని, ఎండాకాలం పోయి వాన పడ్డప్పుడు, మట్టిని కదిలించినప్పుడు లేస్తుందని శ్రీజ తిరిగొచ్చే దారిలో చెప్పింది. 

ఆ సాయంత్రం అతను ఒక్కడే చిన్నరాజుపల్లె పోయాడు. యశోదమ్మ దొడ్డి గుమ్మంలో కూర్చుని ఉంది. అప్పటికి పదకొండు గొర్రెలు పోయాయి.

"అక్కా, రోగం ఆ గరుసు గుంత నీళ్లల్లో ఉంది" అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. "నువ్వు చెప్తేనే గదా పోతిమి."

"అవునక్కా."

"తెలిసి చెప్తివా?"

"లేదక్కా."

"తెలీకుండా చెప్తివని నా గొర్రెలు లేసొస్తాయా?"

 గాయత్రి లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. తల్లి వద్దనలేదు, తాగమనీ అనలేదు. యాకోబు చెంబు పుచ్చుకుని తాగి కింద పెట్టాడు.

"మిగిలినోటికి సూది ఎప్పుడేస్తావ్?" అంది యశోదమ్మ చివరికి.

"రేపు పొద్దున్నే."

"అయితే పో. పొద్దున్నే రా."

తర్వాత మూడు రోజులు తిండీ నిద్రా సరిగా లేవు. నంద్యాల నుంచి టీకాలు ఐసు పెట్టెల్లో వచ్చాయి. మూడు జట్లు కట్టారు. కాలువ అవతల సిగ్నల్ లేక జట్లలో వచ్చిన కుర్ర డాక్టర్ల ఫోన్లు పనికిరాలేదు. యాకోబు ముందు రోజే తన పుస్తకంలోంచి అరవై ఒక్క దొడ్ల పేర్లు, వాటికి పోయే వంతెనలు, బాటలు మూడు కాగితాల మీద విడదీసి రాసిచ్చాడు. తప్పిపోయిన జట్టును వెతికి తెచ్చింది కూడా అతనే. మూడు రోజుల్లో మూడు వేల ఎనిమిది వందల గొర్రెలకు, మేకలకు టీకాలు పడ్డాయి. ఒక దొడ్డి యజమాని వేయనివ్వనని భీష్మించుకు కూర్చుంటే, సుంకన్నే వచ్చి, "నా దొడ్డి సూసి రాపో, అప్పుడు మాట్లాడు" అని గదిమాడు.

సుంకన్న తమ్ముడికి ఐదో రోజున కుడిచేతి బొటనవేలి పక్కన నొప్పి లేని నల్లటి పుండు లేచింది. యాకోబే బండి మీద నంద్యాల తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్పించాడు. పదకొండు రోజులున్నాడు. బాగైంది. వేలి మీద మచ్చ మిగిలింది. కూర తిన్న ఇంటివాళ్లకు మాత్రలు ఇచ్చారు, ఎవరికీ ఏమీ కాలేదు.

మొత్తం మీద నలభై ఆరు గొర్రెలు పోయాయి. అందులో పంతొమ్మిది యశోదమ్మవి. రెండు వారాలకు చావులు ఆగాయి. గుంతలో సున్నం పోసి, మట్టితో పూడ్చి, చుట్టూ కంపకంచె వేసి బోర్డు పెట్టారు. మట్టి ఎవరు తవ్వుకుపోయారో మాత్రం తేలలేదు.

యశోదమ్మ ఆ తర్వాత ఆరు నెలలు యాకోబుతో మాట్లాడలేదు. టీకాలకు పోతే గాయత్రిని పంపేది. అతను కూడా మాట కలపడానికి ప్రయత్నించలేదు. సంక్షేమ పథకం కింద గొర్రెలకు అర్జీ పెట్టుకోవచ్చని గాయత్రికి చెప్పి, కాగితాలు రాయించి, శ్రీజతో సంతకం చేయించి ఇచ్చాడు. ఏడో నెలలో ఒక పొద్దున ఫోన్ మోగింది. "ఎనుము ఎదకొచ్చింది. వస్తావా, వేరేవాళ్లను పిలుచుకోమంటావా?" అంది యశోదమ్మ. యాకోబు వెళ్లాడు. ఆమె ఎనుమును పట్టుకుంది, అతను పని చేశాడు. ఇద్దరూ గొర్రెల ఊసెత్తలేదు. వెళ్లేటప్పుడు ఆమె ఒక సొరకాయ తెంపి క్యాను పక్కన పెట్టింది.

యాకోబులో ఒక మార్పు వచ్చింది. కొత్తగా ఎక్కడ నీళ్లు కనపడినా వెంటనే చెప్పడం మానేశాడు. ముందు ఆ ఊళ్లో వయసు మళ్లినవాళ్లను అడుగుతాడు, ఆ చోట ఇంతకుముందు ఏముండేదని. ఒకసారి ఈ మాట శ్రీజతో అంటే, ఆమె, "నీళ్ల సంగతి కాదు యాకోబూ, పశువులను పూడ్చిన చోట్లే అడుగు. అవే గుర్తు పెట్టు" అంది. దాంతో అదొక పనైంది. ఆదివారం చర్చి అయ్యాక, సూది పని లేని మధ్యాహ్నాల్లో, ముసలివాళ్లను బండి మీద ఎక్కించుకుని కొండ కింద తిరిగాడు. ఏడాదిలో పదకొండు చోట్లు దొరికాయి. రెండు చోట్ల ఇప్పుడు శనగ వేస్తున్నారు. ఒకదాని మీద కోళ్లఫారం ఉంది. జాబితా శ్రీజ పైకి పంపింది. పైవాళ్లు దాన్నేం చేశారో యాకోబుకు తెలీదు. పంచాయతీల్లో మట్టి తవ్వకానికి ఎవరైనా వస్తే మాత్రం కొన్ని ఊళ్లలో, "యాకోబును అడిగినారా?" అంటున్నారు.

పోయినేడు ఆ బూడిదరంగు పెట్టె తెర నల్లబడిపోయింది. నంద్యాలలో బాగుచేసేవాళ్లు దొరకలేదు. పాత సామాన్ల దుకాణంలో దాదాపు అట్లాంటిదే ఇంకొకటి సంపాదించాడు. ఇప్పటి ఫోన్లలో ఇదంతా వస్తుందని, సిగ్నల్ లేకపోయినా మ్యాపు ముందే దించుకోవచ్చని శ్రీజ చెప్పింది. అతను ఫోన్లో కూడా పెట్టుకున్నాడు. కానీ బండి మీద మాత్రం పెట్టెనే కడతాడు. ఎండకు ఆరిపోదు, తొడుగు వేసుకున్న చేత్తో కూడా బొత్తాం ఒత్తొచ్చు, కింద పడితే దుమ్ము దులిపి మళ్లీ కట్టుకోవచ్చు. పాత గుర్తులన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. తెర పూర్తిగా పోకముందే ఒక్కో గుర్తుకూ పెట్టె చూపే అక్షాంశ రేఖాంశాల అంకెలన్నీ పుస్తకంలోకి ఎత్తి రాసి పెట్టుకున్నాడు. అనిత కుట్టుమిషను మీద నుంచే ఒక్కొక్కటి చదువుతుంటే అతను నొక్కేవాడు. ఒకటి తప్పు చదివినందుకు కుందూ నది నడుమ ఒక కొట్టం తేలింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఈ మార్చిలో అతను మళ్లీ పశువులను పూడ్చిన ఒక పాత చోటు కోసం కొండ కిందికి పోయాడు. ఈసారి వెంట వచ్చింది ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. చింతతోపు దక్షిణాన అని పెద్దాయన, కాదు వాగు ఒడ్డునే అని చిన్నాయన చెరో వైపు చెయ్యి చూపించి అరగంట పోట్లాడుకున్నారు. యాకోబు బండి నీడలో కూర్చుని వాళ్లిద్దరూ తేల్చుకునేదాకా ఆగాడు. తేలలేదు. చివరికి రెండు చోట్లా నిలబడి రెండు గుర్తులు పెట్టుకుని, ఇద్దరినీ బండి మీద ఎక్కించుకుని ఊరి వైపు తిరిగాడు.